అల మీద కాదు... అలకు పైన!

దూరం నుంచి చూస్తే కళ్లు నులుముకోవాల్సిందే. సముద్రంలో ఓ మనిషి బోర్డు మీద నిలబడి దూసుకొస్తుంటాడు. ఆ బోర్డు మాత్రం నీటిని తాకదు... అడుగున్నర ఎత్తులో గాల్లో తేలుతూ వస్తుంటుంది! మంత్రం కాదు, మాయా కాదు. ఈ ఆట పేరు ఫాయిల్ సర్ఫింగ్.

కిటుకంతా నీటి అడుగునే ఉంది. బోర్డు కింద నిలువుగా ఓ స్తంభం. దాని చివర బుల్లి విమానంలా ముందో పెద్ద రెక్క, వెనకో చిన్న రెక్క. గాలిలో విమానం రెక్క చేసే పనినే ఇవి నీటిలో చేస్తాయి. గాలికన్నా నీటి సాంద్రత దాదాపు 800 రెట్లు ఎక్కువ. అందుకే అంత చిన్న రెక్క కూడా మనిషిని ఇట్టే మోసేస్తుంది.

ఆలోచన పాతదే. టెలిఫోన్‌ని కనిపెట్టిన గ్రాహంబెల్ బృందం ఇలాంటి రెక్కలతో తయారుచేసిన పడవ 1919లో కెనడాలో గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని రికార్డు సృష్టించింది. ఆ రెక్కల్ని పెద్ద అలల మీదికి తెచ్చిన తొలితరం సాహసుల్లో ఒకరు హవాయి సర్ఫర్ లైర్డ్ హామిల్టన్. 2016లో అక్కడి కుర్రాడు కై లెనీ వీడియోలు చూశాక ప్రపంచమంతా దీనిమీద మనసు పారేసుకుంది.

మళ్లీ ఒకటో తరగతి!

సర్ఫింగ్‌లో ఆరితేరినవాళ్లయినా సరే, ఇక్కడ అ ఆలు దిద్దాల్సిందే. ఎందుకంటే ఇందులో పైకి లేవడం కష్టం కాదు, లేవకుండా ఆపడమే కష్టం. వేగం రెట్టింపైతే రెక్క ఎత్తే బలం నాలుగింతలవుతుంది. కొత్తవాళ్లు భయపడి వెనక్కి వాలతారు. దాంతో బోర్డు ముక్కు పైకి లేస్తుంది. రెక్క నీటిలోంచి బయటికొస్తుంది. ఇంకేముంది... ధబేల్! బరువు ముందుకాలి మీదే ఉంచడం, మోకాళ్లు కాస్త వంచడం, పాదాల వంక కాకుండా దూరంగా చూడటం- ఇదీ మొదటి పాఠం. సైకిల్ నేర్చుకునేటప్పుడు చక్రం వంక చూస్తే ఏమవుతుందో గుర్తుందిగా!

నేరుగా అలల్లోకి దిగక్కర్లేదు. ప్రశాంతమైన నీటిలో పడవకి తాడు కట్టి లాగించుకుంటూ నేర్చుకోవచ్చు. మొదట బోర్డుని నీటి మీదే ఉంచి నిలబడాలి. తర్వాత జానెడెత్తు లేచి, వెంటనే దించాలి. అది పట్టుబడ్డాకే చిన్న అలలు. పెద్ద బోర్డు, వెడల్పాటి ముందు రెక్క, పొట్టి స్తంభం ఎంచుకుంటే పడినా తక్కువ ఎత్తు నుంచే పడతారు.

పడటమూ విద్యే

రెక్కల అంచులు గట్టిగా, పదునుగా ఉంటాయి. గాయాలు ఎక్కువగా వాటివల్లే. కాబట్టి హెల్మెట్, దెబ్బల్ని తట్టుకునే జాకెట్ తప్పనిసరి. ఈత రావాల్సిందే. అదుపు తప్పిందనిపిస్తే నిలదొక్కుకోవాలని పెనుగులాడకుండా బోర్డుకి దూరంగా పక్కకి దూకేయాలి. పైకి తేలేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకోవాలి. లోతు తక్కువున్నచోట, ఈతగాళ్లున్నచోట ఈ ఆట వద్దే వద్దు. మీ సరదా మరొకరి ప్రాణం మీదికి తేకూడదు కదా!

ఇన్నిసార్లు మునిగి ఉప్పునీళ్లు మింగాక దక్కేదేంటి అంటారా? కాసేపు నిశ్శబ్దం! బోర్డు లేచిన మరుక్షణం టపటపమనే నీటి చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. ఆ నాలుగైదు సెకన్ల కోసమే మళ్లీ మళ్లీ పడటానికి సిద్ధపడతారు... నేర్చుకునేవాళ్లు.