మూడో నెల స్కానింగ్‌.. ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

* 11 నుంచి 14 వారాల మధ్యే చేయించుకోవాలి
* 'ముప్పు ఎక్కువ' అని వచ్చినా అది తుది నిర్ధారణ కాదు

గర్భిణులకు తొలి నెలల్లో చేసే స్కానింగులన్నీ ఒకటి కావు. శిశువు గుండె కొట్టుకుంటోందో లేదో చూసేది ఒకటైతే, క్రోమోజోముల లోపాలకు అవకాశం ఎంత ఉందో అంచనా వేసేది మరొకటి. ఈ రెండోదాన్నే వైద్యులు 'ఎన్‌టీ స్కాన్‌' అని పిలుస్తారు. దీనికి గడువు స్వల్పం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించి 11 వారాలు నిండిన తర్వాత, 14 వారాలు నిండకముందే దీన్ని చేయించుకోవాలి. ఆ గడువు దాటాక ఆసుపత్రికి వెళ్లేవారికి ఈ అవకాశం చేజారినట్లే.

ఏమిటీ కొలత?

ఈ దశలో ప్రతి శిశువుకూ మెడ వెనుక చర్మం కింద పలుచని నీటి పొర ఉంటుంది. డౌన్‌ సిండ్రోమ్‌ వంటి లోపాలున్న శిశువుల్లో చాలామందికి ఇది సాధారణం కంటే మందంగా కనిపిస్తుంది. లండన్‌లోని కింగ్స్‌ కాలేజ్‌ ఆసుపత్రికి చెందిన డాక్టర్‌ కిప్రోస్‌ నికొలైడిస్‌ బృందం 1992లో ఈ సంబంధాన్ని వెల్లడించింది. మిల్లీమీటరులో కొద్దిపాటి తేడా వచ్చినా అంచనా మారిపోతుంది కనుక శిక్షణ పొందిన నిపుణులే ఈ కొలత తీయాలి. దీనికి తల్లి వయసును, రక్తపరీక్ష ఫలితాలను జోడించి లెక్కిస్తే డౌన్‌ సిండ్రోమ్‌ ఉన్న ప్రతి 100 గర్భాల్లో సుమారు 85 నుంచి 90 వరకు గుర్తించవచ్చు. మిగిలినవి ఈ పరీక్షకు అందకపోవచ్చు.

భయపడే ముందు..

నివేదికలో '1:100' అని ఉంటే, అదే ఫలితం వచ్చిన వంద మందిలో ఒకరి శిశువుకు లోపం ఉండవచ్చని అర్థం. మిగతా 99 మంది శిశువులకు ఆ లోపం ఉండదు. ఈ పద్ధతిలో వెయ్యి మందిని పరీక్షిస్తే దాదాపు 50 మందికి 'ముప్పు ఎక్కువ' అని వస్తుంది. వారిలో నిజంగా డౌన్‌ సిండ్రోమ్‌ ఉండేది సాధారణంగా ఒకరిద్దరు శిశువులకే. అందుకే ఈ ఒక్క కాగితాన్ని చూసి గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోరాదు.

నిర్ధారణకు రెండు మార్గాలున్నాయి. 11 వారాల తర్వాత మాయ నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించడం ఒకటి. 15 వారాలు నిండాక ఉమ్మనీటిని పరీక్షించడం మరొకటి. వీటివల్ల గర్భస్రావం ముప్పు స్వల్పంగా ఉంటుంది. తల్లి రక్తంతోనే చేసే 'ఎన్‌ఐపీటీ' పరీక్ష మరింత కచ్చితమైనదే అయినా అదీ అంచనాయే. క్రోమోజోములు సక్రమంగా ఉన్నా నీటి పొర బాగా మందంగా ఉంటే, తర్వాతి నెలల్లో శిశువు గుండెను ప్రత్యేకంగా పరీక్షించాలి.

మేనరికమే కారణమా?

21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే డౌన్‌ సిండ్రోమ్‌కు కారణమని 1959లో తేలింది. అత్యధిక సందర్భాల్లో ఇది అండం లేదా వీర్యకణం ఏర్పడే దశలో దొర్లే పొరపాటు. గ్రహణం, తల్లి తిన్న ఆహారం దీనికి కారణాలు కావు. ఇందుకు తల్లిని నిందించడం అన్యాయం. తల్లి వయసు 20 ఏళ్లున్నప్పుడు సుమారు 1,500 మందిలో ఒకరికి, 40 ఏళ్లకు సుమారు 100 మందిలో ఒకరికి ఈ లోపంతో బిడ్డ పుట్టే అవకాశం ఉంది. మేనరికపు వివాహాల్లో ఎక్కువగా కనిపించే జన్యువ్యాధులు వేరు. తలసీమియా వంటి వాటిని ఈ స్కాన్‌ పట్టుకోలేదు. కుటుంబంలో అలాంటి చరిత్ర ఉంటే వైద్యులకు ముందే చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

క్రోమోజోముల లోపాలను గుర్తించేందుకు గుర్తింపు పొందిన కేంద్రాల్లో స్కానింగ్‌ చేయడాన్ని 1994 నాటి చట్టం అనుమతిస్తోంది. శిశువు ఆడో మగో అడగడం, చెప్పడం మాత్రం నేరం.

నెల తప్పిన వెంటనే ఆశా కార్యకర్త వద్ద లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని, చివరి నెలసరి తేదీని కచ్చితంగా చెప్పాలి. అప్పుడే ఈ స్కాన్‌కు సరైన వారం లెక్క తేలుతుంది.