పూర్వుల జాడ తెలిసికొనుట

హైదరాబాదులో ఆబిడ్స్ పేరు ఎరుగనివారు అరుదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇచ్చట అంగడి పెట్టగా, ఆయన పేరే ఈ పేటకు నిలిచినది. ఆయన ఆర్మీనియా దేశీయుడని కొందరు, యూదుడని కొందరు చెప్పుదురు. నగరమంతయు నిత్యము పలుకు పేరు గలవాని పుట్టుపూర్వోత్తరములే ఇట్లుండగా, సామాన్య కుటుంబముల మాట చెప్పవలెనా?

మనలో పెక్కుమందికి తాత పేరు తెలియును. ముత్తాత పేరు అడిగినచో తడుముకొందుము. శ్రాద్ధమునందు మూడు తరముల పేర్లు చెప్పు ఇండ్లలో సయితము ఆ పైతరము వద్ద దారము తెగిపోవును. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో దిగి, ఉద్యోగములకో చదువులకో వచ్చి ఇచ్చటనే స్థిరపడినవారి సంతతికి సొంత ఊరు ఒక్కొక్కప్పుడు ఇంటిపేరులో మాత్రమే మిగిలినది. ఆ ఇంటిపేరైనను చాలిన ఆధారము కాదు. ఏ సంబంధమును లేని కుటుంబములకు ఒకే ఇంటిపేరు ఉండవచ్చును. దత్తతతో ఇంటిపేరు మారును. ఇక ఆడపడుచుల పేర్లు వంశవృక్షములలో తరచు కనబడనే కనబడవు.

హైదరాబాదు కుటుంబములకు మరియొక చిక్కు కలదు. నిజాము సర్కారు వ్రాతకోతలు 1880ల వరకు ముఖ్యముగా ఫారసీలోను, పిమ్మట ఉర్దూలోను సాగినవి. తాతగారి దస్తావేజు పెట్టెలో భద్రముగా ఉన్నను మనుమడు దానిని చదువలేడు. అందలి తేదీ ఫసలీలో ఉండును. హైదరాబాదు ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో అది ప్రారంభమైన క్రీస్తుశకాబ్దము తెలియును. ఆ సంవత్సరము అక్టోబరులో మొదలగుటచే, జనవరి మొదలుకొని వచ్చు నెలలకు 591 కలుపవలెను. “తుగ్యానీ నాటికి మా నాయనమ్మ చంటిబిడ్డ” అని ఒక ఇంట చెప్పుకొందురనుకొందము. తుగ్యానీ అనగా 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. అది 1317 ఫసలీ చివరి దినములలో వచ్చినది. ఇట్టి ఒక్క మాటతో వయస్సు తేలును.

ఈ పనులన్నియు ఒక్కరివలన కావు. గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు ఒకరు, భూమి లెక్కల సంగతి తెలిసినవారు మరొకరు, అదే ఊరినుండి వచ్చిన తమ వంశమును వెదకుకొనుచున్నవారు వేరొకరు. వీరు కలిసినప్పుడే ముడి విడును. ఇంగ్లండులో 1998లో ఏర్పడిన ‘ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ’ సభ్యులు, మన దేశమున జరిగిన జ్ఞానస్నానముల, వివాహముల, ఖననముల నమోదులను స్వచ్ఛందముగా ఎత్తివ్రాసి, తోడి అన్వేషకులకు అందించుచున్నారు.

ఆబిడ్స్‌కు చేరువనే, కోఠీలో, దీనికి చక్కని నిదర్శనము కలదు. నేడు మహిళా విశ్వవిద్యాలయమున్న భవనము పూర్వము బ్రిటిష్ రెసిడెన్సీ. దానిని కట్టించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగమును వివాహమాడెను. వారి కొడుకును, కూతురును పసివారై ఉండగానే 1805లో ఇంగ్లండుకు పంపిరి. ఆ ఏడే తండ్రి కలకత్తాలో మరణించెను. 1813లో తల్లియు గతించెను. నూరున్నీసా అను ఆ బాలిక కేథరిన్ అను పేరుతో పెరిగినది. దాదాపు నలుబది ఏండ్ల వయస్సున, ఇతరుల సాయమువలన, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకను జీవించియున్నదని తెలిసికొని ఉత్తరములు వ్రాసినది. అమ్మమ్మ ఫారసీలో బదులు వ్రాసినది. ఈ కథను 2002లో గ్రంథముగా వెలువరించిన విలియం డాల్‌రింపుల్‌కు ఆధారములు ఒక్కచోట దొరకలేదు. ఆక్స్‌ఫర్డు గ్రంథాలయములోని లేఖలు కొన్ని. పాతబస్తీ అంగడిలో దొరికిన, ఖైరున్నీసా బంధువు అబ్దుల్ లతీఫ్ షుస్తరీ రచించిన ఫారసీ గ్రంథము ఒకటి. ఒక దేశమున ఉన్న ప్రశ్నకు సమాధానము మరొక దేశమున ఉన్నది.

అన్వేషకులు మూడు నియమములు పాటించవలెనని మా మనవి. మొదటిది, విన్నదియు, చదివినదియు, ఊహించినదియు వేరువేరుగా వ్రాసికొనవలెను. రెండవది, సాయము కోరునపుడు పేరు, ఊరు, సుమారు కాలము, ఆ సంగతి తమకెట్లు తెలిసినదో స్పష్టముగా చెప్పవలెను. తమవద్దనున్నది ముందుగా ఇచ్చి పిదప అడుగవలెను. మూడవది, ఘనుడైన పూర్వుడు దొరకెనని తొందరపడి అతుకరాదు. తెలియని తరమువద్ద ఖాళీ విడుచుట గౌరవమునకు లోపము కాదు. నేడు అసత్యముతో నింపినచో, రేపు వెదకువారికి ఆ దారియే మూసుకొనిపోవును.

తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారమున కాగితములు వేచియుండగలవు. ఇంటిలోని వృద్ధులు వేచియుండలేరు. కావున శ్రోతలు ముందుగా ఇంటి పెద్దలనడిగి, వారి తల్లుల పేర్లను, పుట్టినిండ్ల ఊళ్లను వ్రాసి ఉంచుదురుగాక. చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని క్రింద చేర్చుట మరువరాదు.