లెట్రిన్‌లో మచ్చ – తప్పు కోడలిదా, నీళ్ళదా?



పాస్టరుగారికి రాయడానికి వేరే సంగతే దొరకలేదా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కానీ ఈమధ్య ఒక గృహకూడికలో చూసింది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అది మెట్ట గ్రామం. అందరికీ బోరు నీళ్ళే ఆధారం. ప్రార్థన ముగించి టీ తాగుతుండగా ఆ ఇంటి అత్తగారు, "అయ్యగారూ, మా కోడలి కోసం ప్రార్థన చేయండి. లెట్రిన్ కడగడం కూడా రాదు. బేసిన్ నిండా పసుపు చారలే, చుట్టాలొస్తే సిగ్గుగా ఉంది" అన్నారు. ఆ అమ్మాయి తలుపు వెనుక నిలబడి వింటూనే ఉంది. వేళ్ళ చివర తోలు లేచిపోయి ఉంది. రెండు రోజులకోసారి యాసిడ్ పోసి ఇనుప పీచుతో రుద్దుతోందట.

"అమ్మా, మీరు నీళ్ళు కాచుకునే గిన్నె ఒకసారి తెప్పించండి" అన్నాను. అడుగున తెల్లని పెచ్చు గట్టిగా పట్టి ఉంది. బేసిన్‌లో ఉన్నదీ ఇదే. బోరు నీళ్ళలో సున్నపు పదార్థం కరిగి ఉంటుంది. నీరు ఆరినచోటల్లా అది రాయిలా మిగిలిపోతుంది. నీళ్ళలో ఇనుము కూడా ఉంటే ఎర్రగా, మూత్రంతో కలిస్తే పసుపుగా కనబడుతుంది. సబ్బుపొడితో ఎంత రుద్దినా రాయి కరగదు. బ్లీచింగ్ వేస్తే ఇనుము మరక ఇంకా ముదురుతుంది. ఇనుప పీచు బేసిన్ నునుపును గీకేస్తుంది, ఆ గీతల్లో మచ్చ మరింత గట్టిగా పట్టుకుంటుంది. పాపం, ఆ పిల్ల కష్టపడినకొద్దీ మచ్చ పెరిగింది!

సున్నాన్ని కరిగించేది పులుపు. ఇత్తడి చెంబు చింతపండుతో తోమే మన ఆడవారికి ఇది కొత్త సంగతి కాదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. 100 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలపండి. మరీ మరిగే నీళ్ళు పోస్తే బేసిన్ పగలవచ్చు. రాత్రి అందరూ పడుకోబోయే ముందు పాత గుడ్డలు అందులో తడిపి మచ్చ మీద పరవండి. వంపులో నిలిచిన నీటిని మగ్గుతో కొంత తీసేస్తే పులుపు పలచబడదు. తెల్లవారి గుడ్డలు తీసేసి ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దండి. ఏళ్ళనాటి మచ్చయితే మూడు నాలుగు రాత్రులు పడుతుంది.

ఒక హెచ్చరిక. 2011 క్రిస్మసుకు ముందు, ప్రసంగీకులు వస్తున్నారని మందిరం లెట్రిన్ నేనే కడిగాను. బ్లీచింగ్ పౌడరు చల్లి, అది చాలదని పైన యాసిడ్ పోశాను. ఆకుపచ్చ పసుపు పొగ లేచి గొంతు పట్టేసింది. సంఘపెద్ద ఒకరు చెయ్యి పట్టి బయటికి లాగారు. ఆ ఆదివారం నాకు గొంతు పెగలక వాక్యం మా ఇంటావిడే చెప్పింది. (బాగానే చెప్పిందని ఇప్పటికీ అంటారు.) అది క్లోరిన్ వాయువు. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. అంగళ్ళలో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడే ఉంటుంది. కాబట్టి బ్లీచింగ్‌తో దేన్నీ కలపవద్దు. నిమ్మ ఉప్పు వాడే ముందు కూడా బ్లీచింగ్ మిగలకుండా నీళ్ళు గుమ్మరించండి. పొరపాటున పొగ లేస్తే అన్నీ వదిలేసి గాలిలోకి పరుగెత్తండి. ఆయాసం వస్తే ఆసుపత్రికి పోవాలి. యాసిడ్ ఒంటిమీద పడితే ఇరవై నిమిషాలపాటు నీళ్ళు పోస్తూనే ఉండాలి.

ఆ ఇంట్లో ఇంకొకటి కూడా కనబడింది. బేసిన్ పైన కొళాయి చుక్కచుక్కగా కారుతోంది. మచ్చ సరిగ్గా ఆ చుక్క పడేచోటే మొదలైంది. వాషరు మార్చమని ఆ ఇంటి అబ్బాయితో చెప్పాను.

మూడు వారాల తరువాత మళ్ళీ వెళ్ళాను. కొళాయి కారడం లేదు. బేసిన్‌లో అడుగున సన్నని గీత తప్ప అంతా తెల్లగా ఉంది. అత్తగారు నిమ్మ ఉప్పు పొట్లం పట్టుకుని, "అయ్యగారూ, దీంతో కాగు అడుగు కూడా పోతుందా?" అని అడిగారు. పోతుందమ్మా అన్నాను. కోడలు లోపలినుంచి కాగు తెచ్చి ఇచ్చింది, దాన్ని అత్తగారే తోమడానికి కూర్చున్నారు.