తీగ ముందు, రైలు తర్వాత: ఆక్లాండ్ కరెంటు రైళ్ళ కథ

ఆక్లాండ్‌కి కొత్తగా వచ్చే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?" అని. రెండోది, "అక్కడికి ట్రైను ఉందా?" అని. హైదరాబాదు, చెన్నై, ముంబై చూసి వచ్చినవాళ్ళకి ఇది సహజంగా వచ్చే సందేహమే. పాపటోయ్‌టోయ్‌లో ఉంటే ట్రైను ఉంది. మన పచారీ కొట్లు బోలెడున్న సాండ్రింగ్‌హామ్‌లో ఉంటే కొంచెం నడిచి వెళ్ళి పట్టుకోవచ్చు. మౌంట్ రోస్కిల్‌లో ఉంటే ట్రైను లేదు. వంతెన దాటి నార్త్ షోర్‌లో ఉంటే అసలు రైలు పట్టాలే లేవు. 1959లో కట్టిన హార్బర్ బ్రిడ్జి మీద కార్లకి దారి ఇచ్చారు గానీ రైలుకి ఇవ్వలేదు మరి!

ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ట్రైనులో ఆఫీసుకి వెళ్ళి వస్తున్నవాణ్ణి కాబట్టి తరచు ఇంకో మాట కూడా వింటుంటాను. "కొత్త రైళ్ళు కొన్నారు కదా, ఇంకా ఈ మూసివేతలేమిటి, ఈ ఆలస్యాలేమిటి?" అని. మంచి ప్రశ్నే. దానికి జవాబు రైలుపెట్టెలో దొరకదు. పెట్టె పైన ఉన్న తీగలోను, కింద ఉన్న కంకరలోను ఉంది. ఆ సంగతి నాకు తెలిసినంతలో చెప్తాను.

ముంబై కంటే ముందే!

న్యూజీలాండ్‌కి కరెంటు రైలు కొత్త కాదు. మన దేశంలో మొదటి కరెంటు రైలు బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు 1925 ఫిబ్రవరి 3న నడిచింది. ఇక్కడ దక్షిణ ద్వీపంలోని కొండల మధ్య, ఆర్థర్స్ పాస్ నుంచి ఒటీరా వరకు 1923లోనే కరెంటు ఇంజన్లు వచ్చేశాయి. మనకంటే వీళ్ళు బాగా ముందున్నారని కాదు. అక్కడ ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం ఉంది, పైగా నిట్రమైన ఎక్కుడు. ఆవిరి ఇంజనుతో వెళ్తే పొగకి లోపలివాళ్ళకి ఊపిరాడదు. అవసరం తెచ్చిన మార్పు అది.

ఊళ్ళో తిరిగే లోకల్ రైళ్ళ సంగతికొస్తే వెల్లింగ్టన్ ముందుంది. జాన్సన్‌విల్ లైనులో 1938 నుంచే కరెంటు బళ్ళు నడుస్తున్నాయి. 1980లలో హంగరీ నుంచి గాంజ్ మావగ్ రైళ్ళు వచ్చాయి. 2011 నుంచి కొరియాలో తయారైన మాటంగి రైళ్ళు వాటి స్థానంలోకి వచ్చాయి. ఆ పేరు మన చెవికి అమ్మవారి పేరులా వినిపిస్తుంది గానీ మావోరీ భాషలో గాలి అని అర్థం!

మరి దేశంలోకెల్లా పెద్ద ఊరైన ఆక్లాండ్‌కి ఏమైంది?

వాయిదాల మీద వాయిదాలు

ఆక్లాండ్‌లో 1902 నుంచి కరెంటు ట్రాములుండేవి. 1956కల్లా వాటన్నిటినీ తీసేశారు. రైల్వే స్టేషనేమో 1930 దాకా క్వీన్ స్ట్రీట్ మొదట్లో, అంటే సరిగ్గా ఊరి నడిబొడ్డున ఉండేది. ఆ ఏడు దాన్ని కిలోమీటరు దూరానికి, బీచ్ రోడ్డుకి మార్చారు. భవనం రాజమహల్ లాంటిదే, కానీ ఆఫీసులకీ దుకాణాలకీ దూరమైపోయింది. అక్కడి నుంచి మళ్ళీ ఊళ్ళోకి సొరంగం తవ్వుతామన్న మాట దశాబ్దాల పాటు నలిగింది. 1960, 70లలో మేయరు డవ్ మయర్ రాబిన్సన్ త్వరిత రైలు పథకం కోసం గట్టిగా పట్టుబట్టారు. ప్రభుత్వం డబ్బివ్వలేదు, పథకం అటకెక్కింది.

1990ల మొదట్లో ఆక్లాండ్ లోకల్ రైళ్ళు మూతపడే స్థితికి వచ్చాయి. అప్పుడు ఆదుకున్నది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం. వాళ్ళు తమ లైన్లకి కరెంటు పెట్టుకుని, అక్కర్లేని డీజిల్ బళ్ళని అమ్మకానికి పెట్టారు. 1993లో ఆక్లాండ్ వాటిని కొనుక్కుంది. అవి చాలక, బ్రిటన్‌లో 1970లలో తయారైన పాత పెట్టెల్ని తెచ్చి బాగుచేసి 2004 నుంచి నడిపారు. అంటే ఒకరు విడిచిన చొక్కా, ఇంకొకరు విడిచిన లాగు! నవ్వుకున్నా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ పాతబళ్ళే లేకపోతే ఈరోజు కరెంటు పెట్టడానికి లైన్లే మిగిలేవి కావేమో. 1994లో ఏడాదికి దాదాపు 10 లక్షల ప్రయాణాలకి పడిపోయిన లెక్క అక్కడి నుంచి పెరగడం మొదలైంది.

2003 జులైలో బ్రిటోమార్ట్ స్టేషను తెరిచారు. 73 ఏళ్ళ తర్వాత రైలు మళ్ళీ క్వీన్ స్ట్రీట్ మొదటికి వచ్చింది. చిత్రమేమిటంటే మన హైదరాబాదులో ఎమ్ఎమ్‌టీఎస్ మొదలైంది కూడా సరిగ్గా ఆ మరుసటి నెల, 2003 ఆగస్టులో. తేడా ఒక్కటే. హైదరాబాదులో మొదటిరోజు నుంచీ కరెంటు బళ్ళు. ఆక్లాండ్‌లో మాత్రం భూమి కిందున్న స్టేషనులోకి డీజిల్ బళ్ళు! ఆ పొగని బయటికి పంపడానికి పెద్దపెద్ద ఫ్యాన్లు పెట్టవలసి వచ్చింది.

25,000 వోల్టులు ఎందుకు?

2007లో ప్రభుత్వం ఆక్లాండ్ లైన్లకి కరెంటు పెట్టడానికి ఒప్పుకుంది. ఎంచుకున్నది 25,000 వోల్టుల ఏసీ. మన దేశంలో రైళ్ళకి వాడేదీ ఇదే. అంత ఎక్కువ వోల్టేజీ దేనికని చాలామంది అడుగుతారు.

మన ఊళ్ళో పొలాల మీదుగా వెళ్ళే పెద్ద లైన్లని గుర్తుచేసుకోండి. కరెంటు దూరం వెళ్ళాలంటే హై టెన్షన్‌లో పంపి, ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తగ్గించి ఇళ్ళకిస్తారు. రైలుకీ అదే సూత్రం. ఉదాహరణకి బండికి పది లక్షల వాట్ల శక్తి కావాలనుకోండి. వెల్లింగ్టన్ పద్ధతిలో 1,500 వోల్టుల డీసీ అయితే తీగలో సుమారు 667 ఆంపియర్లు పారాలి. 25,000 వోల్టులైతే 40 ఆంపియర్లు చాలు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఈ తేడా మామూలు తేడా కాదు. సన్నటి తీగతో పని జరుగుతుంది, సబ్‌స్టేషన్లు కొద్దిగా ఉంటే చాలు. ఊరి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ బండిలోనే ఉంటుంది. బండి నెత్తిన మడతపడే చెయ్యి లాంటిది తీగని తాకుతూ కరెంటు తీసుకుంటుంది. దాన్నే పాంటోగ్రాఫ్ అంటారు.

డీజిల్ బండి తన ఇంజన్నీ, నూనెనీ తానే మోసుకు తిరగాలి. కరెంటు బండికి ఆ బరువు లేదు. అందుకే ఆగిన చోటి నుంచి చప్పున వేగం అందుకుంటుంది. రెండేసి కిలోమీటర్లకి ఒక స్టేషనున్న లోకల్ రైలుకి అంతకంటే కావలసిందేముంది? ఇంకో లాభం బ్రేకు వేసినప్పుడు. అప్పుడు మోటారే జనరేటరుగా మారి కరెంటుని తిరిగి తీగలోకి పంపుతుంది. న్యూజీలాండ్‌లో కరెంటు ఎక్కువభాగం జలవిద్యుత్తు, భూగర్భ ఆవిరి, గాలి నుంచి వస్తుంది కాబట్టి పొగ సంగతి కూడా చాలావరకు తీరినట్టే.

రైళ్ళు వచ్చాయి

2011లో స్పెయిన్ కంపెనీ సీఏఎఫ్‌తో 57 రైళ్ళకి ఒప్పందం కుదిరింది. మొదటి రైలు 2013లో ఓడ దిగింది. 2014 ఏప్రిల్ 28న ఒనెహంగా లైనులో ప్రయాణికులతో నడవడం మొదలైంది. 2015 జులైకల్లా పాపకూరా, స్వాన్సన్‌ల వరకు అన్నీ కరెంటు రైళ్ళే. తర్వాత ఇంకో 15, ఆపైన మరో 23 తెప్పించారు. మొత్తం 95.

ఒక్కో రైలుకి మూడు పెట్టెలు, పొడవు 72 మీటర్లు. రద్దీ వేళల్లో రెండు రైళ్ళు కలిపి నడుపుతారు. నాకు అన్నిటికంటే నచ్చింది మధ్యపెట్టె. దాని నేల ప్లాట్‌ఫారంతో సమానంగా ఉంటుంది, తలుపు తెరవగానే చిన్న పలక బయటికి వచ్చి సందుని కప్పేస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు ఆరు నెలలకని ఇక్కడికి వచ్చినవాళ్ళని అడగండి! ఇండియాలో సొంతంగా బజారుకెళ్ళి కూరలు తెచ్చుకునే మనిషి, ఇక్కడ కారు నడపలేక, కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవాలి. మా నాన్నగారు కార్డు టాప్ చేసి ఒక్కరే సిటీకి వెళ్ళి, సముద్రం ఒడ్డున కాసేపు కూర్చుని తిరిగి వచ్చిన నాడు ఆయన గొంతులో పాత ధీమా వినిపించింది. రైలు వల్ల లాభమేమిటని లెక్కలడిగేవాళ్ళకి ఆ ధీమాని ఏ పద్దులో వేసి చూపించాలో నాకు తెలియదు.

జనం కూడా ఎక్కారు. 2017కల్లా ఏడాదికి 2 కోట్ల ప్రయాణాలు దాటాయి. ఈ ఊళ్ళో ఎవరూ రైలెక్కరన్న పాతమాటకి అదే జవాబు.

కనిపించని పని

ఇక అసలు సంగతి. తీగ పెట్టాలంటే ముందు తీగకి చోటుండాలి. పాత వంతెనలు ఆవిరి బళ్ళ ఎత్తుకి కట్టినవి. కొన్నిటిని పైకి లేపాలి, కొన్నిటి కింద పట్టాల్ని దించాలి. పడమటి లైనులో కరెంటు స్వాన్సన్ దగ్గరే ఎందుకు ఆగిపోయిందంటే, ఆ తర్వాతి సొరంగంలో తీగకి చోటు లేదు. దాన్ని పెద్దది చేసేంత ప్రయాణికులు లేరన్నారు. ఫలితంగా 2015లో వైటాకెరే ఊరికి రైలు ఆగిపోయింది, బదులుగా బస్సు ఇచ్చారు. అభివృద్ధి వచ్చినప్పుడు అందరికీ ఒకేలా రాదని చెప్పడానికి ఇదొక ఉదాహరణ. దక్షిణాన పుకెకోహె వాళ్ళు పాపకూరాలో డీజిల్ బండి మారుతూ ఏళ్ళు గడిపారు. 2022 ఆగస్టులో అదీ ఆపి పని మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో గానీ వాళ్ళకి కరెంటు రైలు అందలేదు.

సిగ్నళ్ళని కూడా మార్చవలసి వచ్చింది. వీటన్నిటి తర్వాత మిగిలింది పట్టాల కింద నేల. వందేళ్ళకి పైబడిన లైన్లు, వాటి మీద లోకల్ రైళ్ళతో పాటు బరువైన గూడ్సు బళ్ళు. 2020లో పట్టాల మీద పగుళ్ళు బయటపడి, రైళ్ళ వేగాన్ని 40 కిలోమీటర్లకి తగ్గించారు. కొత్త రైలు గంటకి 110 కిలోమీటర్లు వెళ్ళగలదు, దారి వెళ్ళనివ్వదు! తర్వాత 2023 నుంచి లైన్లని వంతులవారీగా మూసి, అడుగున బురదైపోయిన కంకరని తవ్వి తీసి, మురుగు దారులు సరిచేసి మళ్ళీ వేశారు. ఒటాహుహు నుంచి సిటీకి వచ్చే తూర్పు లైను ఆ ఏడాది మార్చి నుంచి దాదాపు పది నెలలు మూసే ఉంచారు. బస్సుల్లో వేలాడుతూ మనమంతా విసుక్కున్నది ఆ పని గురించే. విసుగు న్యాయమైనదే. కానీ కొత్తింటికి రంగులేసి పునాది మర్చిపోతే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. ఇక్కడ ముందు రంగులేశారు, తర్వాత పునాది తవ్వారు. ఆ క్రమానికి మూల్యం ప్రయాణికులు చెల్లించారు.

ఇంకో చిక్కు బ్రిటోమార్ట్‌ది. అది సందు చివరి ఇల్లు లాంటి స్టేషను. వచ్చిన రైలు ముందుకి పోలేక అదే దారిన వెనక్కి రావాలి. లోపలికి ఉన్నవి రెండే పట్టాలు. కాబట్టి ఎన్ని రైళ్ళు కొన్నా గంటకి ఇన్నే పడతాయి. దానికి మందుగా తవ్వినదే సిటీ రైల్ లింక్. పొడవు 3.45 కిలోమీటర్లు, జంట సొరంగాలు, కొన్నిచోట్ల 42 మీటర్ల లోతు. తె వైహొరోటియు, కరంగ-అ-హపె అని రెండు కొత్త స్టేషన్లు, మౌంట్ ఈడెన్ దగ్గర పూర్తిగా తిరగకట్టిన మౌంగఫౌ. ఖర్చు సుమారు 550 కోట్ల డాలర్లని 2023లో తేల్చారు. 2026 ద్వితీయార్ధంలో తెరుస్తామని ప్రకటించారు. అంత లోతులో డీజిల్ బళ్ళు నడపడం కుదిరే పని కాదు. అంటే 2014లో పెట్టిన తీగే ఈ సొరంగానికి దారి తీసిందన్నమాట.

మనమేం చేయాలి?

ఇల్లు వెతుక్కునేటప్పుడు స్టేషను ఎంత దూరమో చూడటంతో ఆగకండి. ఏ లైను, రద్దీ లేని వేళ ఎన్ని నిమిషాలకో బండి, దగ్గర్లో రైల్వే గేటు ఉందా అన్నవి కూడా చూడండి. రైళ్ళు పెరిగేకొద్దీ గేటు మూసి ఉండే సమయమూ పెరుగుతుంది. కౌన్సిల్ కొన్ని గేట్లని తీసేసి వంతెనలు కట్టే పనిలో ఉన్నది అందుకే. ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే పుహినూయి స్టేషను చూపించండి. ఎయిర్‌పోర్టు బస్సూ రైలూ కలిసేది అక్కడే.

ఇంకొక్క మాట. సొరంగం ఖర్చులో సగం కౌన్సిల్‌ది, అంటే మనం కట్టే ఇంటిపన్నుది కూడా. ఈ దేశంలో రెసిడెంటు వీసా మీద ఏడాది ఉన్నవాళ్ళకి ఓటు హక్కు ఉంది, పౌరసత్వం దాకా ఆగనక్కర్లేదు. కౌన్సిల్ ఎన్నికలు మూడేళ్ళకోసారి వస్తాయి. ఈసారి ఎవరైనా వచ్చి కొత్త రైళ్ళు తెస్తామని చెప్తే, సంతోషం అని చెప్పి ఒక్క ప్రశ్న వేయండి. "పట్టాల మరమ్మతుకి ఏటా ఎంత పెడతారు?" అని. రాబిన్సన్ గారి కాలం నుంచి ఈ ఊరు జవాబు చెప్పకుండా దాటేస్తూ వచ్చిన ప్రశ్న అదే.