కొలెస్ట్రాల్ బిళ్ల కథా కమామీషు

మన ఇళ్లలో బీపీ బిళ్ల, షుగరు బిళ్ల ఉండే డబ్బాలోనే ఇప్పుడు కొలెస్ట్రాల్ బిళ్ల కూడా ఉంటోంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ అని పేర్లు వేరైనా కుటుంబం ఒక్కటే, స్టాటిన్లు. ఈ మందుల మూలం బూజులో ఉంది. జపాన్‌లోని అకితా ప్రాంతంలో రైతు కుటుంబంలో పెరిగిన అకిరా ఎండో, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ జీవితకథ చదివి చిన్నప్పుడే శిలీంధ్రాల మీద మనసు పెట్టుకున్నారు. మన ఒళ్లు కొలెస్ట్రాల్ తయారు చేసుకోవడానికి ఒక ఎంజైము కావాలి. దాన్ని అడ్డుకునే పదార్థం ఏదో ఒక బూజులో ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. 1971లో సాంక్యో కంపెనీ ప్రయోగశాలలో వెతకడం మొదలుపెట్టి, దాదాపు 6,000 రకాల సూక్ష్మజీవుల్ని పరీక్షించారు. చివరికి 1973లో, క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యం మీద పట్టిన బూజులో అది దొరికింది. ఆ పదార్థమే కాంపాక్టిన్.

◆

ఆ కాంపాక్టిన్ ఎలుకల మీద అస్సలు పనిచేయలేదు. మందు అక్కడితో మూలన పడాల్సిందే. అయితే కోడిగుడ్డులో అంత కొలెస్ట్రాల్ ఉంటుంది కదా, గుడ్లు పెట్టే కోడి ఒంట్లోనూ దాని తయారీ జోరుగా సాగుతూ ఉండాలి, ఒకసారి కోళ్లకు పెట్టి చూద్దామనుకున్నారు. 1976లో పెట్టి చూస్తే వాటి రక్తంలో కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది.

◆

మనుషుల్లో ఈ మందు మొదట అందుకున్నది ఒసాకాలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగే వంశపారంపర్య జబ్బు ఆమెది. 1978లో డాక్టర్ అకిరా యమామోతో ఆమెకు కాంపాక్టిన్ మొదలుపెట్టారు. కొలెస్ట్రాల్ దిగింది గానీ, కొద్ది వారాల్లోనే కండరాల్లో సత్తువ పోయింది. డాక్టరు మందు ఆపి, కండరాలు కోలుకున్నాక మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మందూ పనిచేసింది, కండరాలూ నిలిచాయి. ఇన్నేళ్ల స్టాటిన్ల చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఘట్టమే. ‘ఈ మందు నాకు పడలేదు’ అని ఇవాళ ఎవరైనా అంటే డాక్టర్లు చేసేది చాలావరకు అదే. కొన్నాళ్లు ఆపుతారు, రక్తపరీక్ష చేయిస్తారు, మోతాదైనా మారుస్తారు, మందైనా మారుస్తారు. మనవాళ్లలో ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. ఆపేస్తారు, డాక్టరుకు చెప్పరు.

◆

‘నూనె మానేశాను, నెయ్యి ముట్టడం లేదు, ఇక బిళ్లెందుకు?’ అని అడిగేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. పథ్యం మంచిదే, దాన్ని వదలకూడదు. కాకపోతే రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కంచంలోంచి వచ్చినది కాదు, ఒళ్లే తయారు చేసుకున్నది. అందులో కాలేయానిది పెద్ద వాటా. స్టాటిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. లోపల సరుకు తగ్గేసరికి కాలేయ కణాలు తమ పైపొర మీద గ్రాహకాలను పెంచి, రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, లోపలికి లాగేసుకుంటాయి. ఈ గ్రాహకాల గుట్టు విప్పినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, బిళ్ల పనిచేస్తోందని. మానేస్తే కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత అంకెకు చేరుకుంటుంది. అలా చేరినప్పుడు నొప్పి ఉండదు, నీరసం ఉండదు, ఏ గుర్తూ ఉండదు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లు రిపోర్టు చూసి సొంతంగా బిళ్ల మానేశారని వింటే నాకు నిజంగా భయం వేస్తుంది.

◆

స్టాటిన్ ప్రాణాలు నిలబెడుతుందని గట్టిగా రుజువైంది 1994లో. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద అయిదేళ్లకు పైగా సాగిన అధ్యయనం అది. సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి.

◆

కొలెస్ట్రాల్ బిళ్ల రాత్రే వేసుకోవాలా? ఒళ్లు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారు చేసేది రాత్రిపూట. సిమ్వాస్టాటిన్ ఒంట్లో కొద్ది గంటలే నిలుస్తుంది కాబట్టి దాన్ని రాత్రి వేసుకోమంటారు. అటోర్వాస్టాటిన్ సగానికి తగ్గడానికి సుమారు 14 గంటలు, రోసువాస్టాటిన్‌కు 19 గంటలు పడుతుంది. ఇవి పొద్దున వేసుకున్నా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. రాత్రి భోంచేసి టీవీ ముందే నిద్రపోయి మందు మరచిపోయేవాళ్లు, డాక్టరుతో ఒక మాట చెప్పి పొద్దుటికి మార్చుకోవచ్చు. రోజూ ఒకే వేళకు పడటం ముఖ్యం.

◆

రెండు బిళ్లలు వేసుకుంటే రెండింతలు తగ్గుతుందా? తగ్గదు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. దుష్ఫలితాల అవకాశం మాత్రం మోతాదుతో పాటే పెరుగుతుంది. అందుకే తగ్గాల్సింది ఇంకా ఉంటే, మోతాదు పెంచుతూ పోకుండా, పేగుల్లో కొలెస్ట్రాల్‌ను పీల్చుకోనివ్వని ఎజెటిమైబ్ అనే వేరే మందును జత చేస్తుంటారు.

అమెరికాలో ఉండే మనవాళ్లకు దగ్గరి సంగతి ఒకటి. ఆసియా సంతతివాళ్ల రక్తంలో రోసువాస్టాటిన్ తెల్లజాతివాళ్లలో కంటే దాదాపు రెండింతలు చేరుతోందని గమనించి, వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని 2005లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది.

◆

పంపర పనస తింటున్నారా? కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త ఒక బీపీ మందు మీద మద్యం ప్రభావం ఎలా ఉంటుందో పరీక్ష చేస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండాలని అందులో గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. తీరా చూస్తే రక్తంలో మందు ఊహించనంతగా పెరిగింది. 1989లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మన పేగుల్లో కొన్ని మందుల్ని విరగ్గొట్టి తగ్గించే ఎంజైము ఒకటి ఉంది. ఈ రసం దాన్ని చెడగొడుతుంది. అప్పుడు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్, కొంతవరకు అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలో పోగుపడతాయి. పండు పొద్దున, బిళ్ల రాత్రి అని వేళలు మార్చినా లాభం లేదు. చెడిన ఎంజైము మళ్లీ తయారు కావడానికి రోజు దాటుతుంది.

గ్రేప్‌ఫ్రూట్ మన పండు కాదు కదా అనుకోవద్దు. పంపర పనస, తీపి నారింజ కలిసి కరీబియన్ దీవి బార్బడోస్‌లో పుట్టిన సంకరమే గ్రేప్‌ఫ్రూట్. తల్లిలో ఉన్న పదార్థాలే పిల్లలోకి వచ్చాయి. కాబట్టి ఆ స్టాటిన్లు వాడేవాళ్లు పంపర పనస విషయం డాక్టరును అడగాల్సిందే. నల్గొండ, అనంతపురం తోటల బత్తాయి తీపి నారింజ జాతిది, దానితో ఈ చిక్కు లేదు. అమ్మానాన్నలు డల్లాస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఫ్రిజ్‌లో ఉన్న రసం ఏ పండుదో చూసి తాగాలి.

◆

పండు కంటే మందుల జతే ఎక్కువ ప్రమాదం. దగ్గు, జలుబు అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్స్‌లో క్లారిత్రోమైసిన్ ఉంటే, తామరకు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ మింగుతుంటే, అదే ఎంజైము మూతపడుతుంది. ఇలాంటి కోర్సు నడిచే కొద్దిరోజులు డాక్టర్లు స్టాటిన్‌ను ఆపిస్తారు, లేదా వేరే యాంటీబయాటిక్ రాస్తారు. కానీ మీరు స్టాటిన్ వాడుతున్నారని వాళ్లకు తెలియాలి కదా. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత చీటీ వెంట ఉండాలి.

మందుల జత ఎంతకు తెస్తుందో 2001లో ప్రపంచమంతా చూసింది. బేయర్ కంపెనీ తన సెరివాస్టాటిన్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కండరాలు కరిగి ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బుతో మరణాలు బయటపడ్డాయి. జెమ్‌ఫైబ్రోజిల్ అనే ట్రైగ్లిసరైడ్ల మందు కూడా కలిసినచోట ముప్పు బాగా పెరిగింది. ఈనాటి స్టాటిన్లతో కూడా జెమ్‌ఫైబ్రోజిల్‌ను కలపడం మంచిది కాదంటారు.

◆

ఎకోస్ప్రిన్-ఏవీ అన్న పేరు చూశారా? అందులో ‘ఏవీ’ అంటే అటోర్వాస్టాటిన్. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ రెండూ ఒకే క్యాప్సూల్లో ఉంటాయి. గుండె డాక్టరు అది రాస్తే, షుగరు డాక్టరు విడిగా మరో కంపెనీ అటోర్వాస్టాటిన్ రాస్తే, రెండు పేర్లు చూసి రెండు మందులనుకుని ఒకే మందును రోజూ రెండుసార్లు మింగేస్తారు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాక, కింద సన్నటి అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవాలి. కళ్లు ఆనకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి.

◆

‘ఆ బిళ్ల వేసుకున్నప్పటి నుంచి ఒళ్లు నొప్పులు’ అన్న మాట మీద లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఒక చక్కటి పరీక్ష చేశారు. బాధలు వస్తున్నాయని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి బిళ్ల, నాలుగు నెలలు ఏమీ లేకుండా గడిపించారు. ఏ నెల ఏ బిళ్లో వాళ్లకు తెలియదు. 2020లో ఫలితం వచ్చింది. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి బిళ్లతోనూ వచ్చాయి. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. వాళ్లు నిజంగానే బాధపడ్డారు, కారణం మాత్రం చాలావరకు మందు కాదు. ఆ సంగతి తెలిశాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

మందు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు తొడల్లోనూ, రెండు భుజాల్లోనూ సమానంగా ఉంటుంది. ఒక్క మోకాలే పీకుతుంటే దానికి వేరే కారణం వెతకాలి. థైరాయిడ్ తక్కువున్నవాళ్లలో మందు వల్ల వచ్చే నొప్పి ఎక్కువ, పైగా థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ కూడా దానంతటదే పెరుగుతుంది. ఆ పరీక్ష ముందే చేయించుకోవడం తెలివైన పని. కండరాల నొప్పి, నీరసంతో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే మాత్రం తెల్లారేదాకా ఆగవద్దు. బిళ్ల ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. చాలా అరుదు, కానీ అప్పుడు గంటలు కూడా విలువైనవే.

◆

స్టాటిన్ల వల్ల కొందరిలో షుగరు కాస్త పెరుగుతుంది. అప్పటికే షుగరు అంచున ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గుండెకు జరిగే మేలు దీనికంటే చాలా పెద్దది కాబట్టి డాక్టర్లు ఆపమనరు, షుగరు పరీక్ష క్రమం తప్పవద్దంటారు.

గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు చాలావరకు ఈ మందు ఆపేస్తారు. పాలిచ్చే తల్లులకూ వద్దంటారు.

◆

‘ఇంగ్లీషు మందు వద్దు, ప్రకృతి మందు వాడదాం’ అని ఎర్ర బూజు బియ్యం గుళికలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎర్ర బూజులో ఉండే మొనకోలిన్-కె, 1987లో అమెరికా అనుమతి పొందిన లోవాస్టాటిన్ రెండూ ఒకే పదార్థం. గుళికలో అది ఎంత ఉందో మాత్రం చాలాసార్లు డబ్బా మీద ఉండదు. 2024 మార్చిలో జపాన్‌లోని కోబయాషి కంపెనీ ఇలాంటి గుళికల్ని వెనక్కి పిలిపించింది. వాడినవాళ్లలో చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తయారీలో ఇంకేదో బూజు చేరిందని తేలింది.

◆

హైదరాబాద్ ముద్ర కూడా ఈ కథలో ఉంది. మెర్క్ కంపెనీ సిమ్వాస్టాటిన్ పేటెంటు 2006లో అమెరికాలో ముగిసినప్పుడు, మెర్క్‌తో ఒప్పందం ప్రకారం దాని జెనరిక్‌ను అక్కడ అమ్మినది మన డాక్టర్ రెడ్డీస్.

◆

గ్యాస్ మందు తాగే అలవాటు మనకు ఎక్కువ. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే ఆ టానిక్కును రోసువాస్టాటిన్‌తో కలిపి తీసుకుంటే బిళ్ల ఒంటికి సగమే పడుతుంది. రోసువాస్టాటిన్ వేసుకున్న రెండు గంటల తరవాత తాగితే ఇబ్బంది లేదు.

◆

ఒక పూట మరచిపోతే? గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తరవాతి బిళ్ల వేళ దగ్గరపడితే పోయినదాన్ని వదిలేసి, ఆ వేళకు ఒక్కటే వేసుకోవాలి. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి మింగకూడదు.