ఆకాశానికి కొలబద్ద

చీకటిలో ఒక దీపం మినుకుమంటున్నది. అది దాపుననున్న ప్రమిదా, దూరాననున్న దివిటీయా? దాని అసలు కాంతి తెలిస్తేగాని చెప్పలేము. నక్షత్రాల దూరం కొలవడంలో శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కూ ఇదే.

దానిని విప్పినది హెన్రియెటా లీవిట్. హార్వర్డ్ వేధశాలలో ఆమె జీతం గంటకు 30 సెంట్లు, వినికిడి తక్కువ. గాజు పలకలపై తీసిన ఛాయాచిత్రాలలో, కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే తారలను గుర్తించడం ఆమె పని. చిన్న మెగల్లాన్ మేఘంలోని అటువంటి 25 తారలను పోల్చగా, 1912లో ఒక నియమం బయటపడింది: తార ఎంత ప్రకాశవంతమో, దాని హెచ్చుతగ్గుల కాలం అంత దీర్ఘం. అవన్నీ మనకు దాదాపు ఒకే దూరంలో ఉన్నవి గనుక ఆ తేడా తారల స్వభావంలోనిదే. ఇక రోజులు లెక్కిస్తే అసలు కాంతి, దానినుండి దూరం తెలుస్తాయి. ప్రకటన మాత్రం వేధశాలాధిపతి పికరింగ్ పేరిట వెలువడింది. తయారుచేసినది లీవిట్ అని మొదటి వాక్యంలోనే ఆయన చెప్పాడు, అంతవరకు నయం.

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల దూరదర్శినితో ఆండ్రోమెడాలో అటువంటి తారను పట్టుకున్నాడు. కాలం 31 రోజులు. దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు! పాలపుంతలోని మబ్బుతునకగా పలువురు భావించినది వేరొక నక్షత్రవీథి అని తేలిపోయింది. ఈ తారలలో రెండు తెగలున్నాయని తరువాత తెలియడంతో ఆ దూరం నేటి లెక్కలో 25 లక్షలకు పెరిగింది.

1925లో స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్ లెఫ్లర్, లీవిట్‌ను నోబెల్ బహుమతికి ప్రతిపాదించదలచి ఆమెకు ఉత్తరం వ్రాశాడు. 1921 డిసెంబరు 12న ఆమె కాన్సర్‌తో మరణించిన సంగతి ఆయనకు తెలియదు.