గని ఢిల్లీది, నీళ్లు విధానసౌధవి: ఎమ్మెల్యేని ఏమడగాలి?

మన కోలారు జిల్లాకు ఎమ్మెల్యే సీట్లు ఆరు. కోలారు, మాలూరు, బంగారపేట, కె.జి.ఎఫ్., ముళబాగిలు, శ్రీనివాసపుర. ఇందులో బంగారపేట, కె.జి.ఎఫ్., ముళబాగిలు ఎస్సీలకు రిజర్వు. కర్ణాటక విధానసభలో మొత్తం సీట్లు 224. కిందటిసారి 2023 మే 10న ఓటేస్తిమి, 13న లెక్క తేలింది. మళ్లీ 2028లో రావాలి. ఎలక్షన్ దూరంగా ఉన్నప్పుడే ఈ సంగతులు మాట్లాడుకోవడం మంచిది. దగ్గరికొచ్చినాక మైకుల గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

ఓటడగను వచ్చినాయన్ని మన లైన్లలో చుట్టుకొని అడిగే మాటలు మూడు. "ఏమప్పా, గని ఎప్పుడు తెరిపిస్తావు? మేముండే ఇంటికి పట్టా ఎప్పుడిప్పిస్తావు? బెంగళూరు రైలుకు ఇంకో రెండు పెట్టెలు ఎప్పుడు వేయిస్తావు?" ఆయన మూడింటికీ తలూపి పోతాడు. తలూపేదానికి కాసు ఖర్చు లేదు కదా. అయితే ఈ మూడూ విధానసభ చేతిలో లేవు. గని, గని స్థలం, రైలు, మూడూ ఢిల్లీవి. చేతిలో లేనిది అడిగితే ఆయనకే సులభం. చేతిలో ఉన్నది అడిగితేనే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ తేడా తెలియాలనే ఇది రాస్తున్నా.

గని సంగతి మొదట చూద్దాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. డెబ్బై ఏళ్లకు పైగా బంగారమంతా ఆ తెల్లవాళ్ల చేతిలోనే పోయింది. 1956లో మైసూరు శాసనసభ ఒక చట్టం చేసి గనుల్ని రాష్ట్రం కిందికి తెచ్చింది. అంటే ఒకప్పుడు గని గతిని తేల్చింది మన ఎమ్మెల్యేలు కూర్చునే సభే. ఆరేళ్లకే, 1962లో, గనులు కేంద్రం చేతికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూత పడింది. ఇప్పటికీ ఆ కంపెనీ, ఆ స్థలం కేంద్ర గనుల శాఖ కిందే ఉన్నాయి. కాబట్టి గని గురించీ, లైన్ ఇళ్ల పట్టాల గురించీ గట్టిగా నిలదీయాల్సింది ఎంపీని.

అట్లని ఎమ్మెల్యేను వదిలేయాల్సిన పనీ లేదు. సైనైడ్ దిబ్బలు తెలుసు కదా, గాలి కాలం వస్తే మన ఇళ్లలోకి దుమ్ము పోసేవి. ఆ పదమూడు దిబ్బల్లో మిగిలిన బంగారం తీయాలని కేంద్రం అడిగితే, వెయ్యి ఎకరాలకు పైగా ఉన్న ఆ జాగాకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. రాష్ట్రం ఒప్పుకోందే ఆ పని ముందుకు పోదు. ఒప్పుకునేటప్పుడు మన తరఫున ఏం షరతు పెట్టారు? పాత కార్మికుల పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు? దుమ్ము లేవకుండా ఏం చేస్తారు? ఇవి ఎమ్మెల్యేని అడగాల్సిన ప్రశ్నలు. "గని తెరిపిస్తావా" అన్నదానికంటే వీటికి పదును ఎక్కువ.

ఆ సభకూ మన మట్టికీ సంబంధం కొత్తది కాదు. మైసూరు రాజుల కాలంలో, 1881లో, దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభ పెట్టించాడు. అది సలహా చెప్పే సభేగానీ చట్టం చేసే సభ కాదు. స్వాతంత్ర్యం వచ్చినాక 1947 అక్టోబరులో మైసూరు తొలి ముఖ్యమంత్రి అయిన కె. చెంగలరాయ రెడ్డిది మన బంగారపేట పక్కనున్న క్యాసంబళ్లి. శ్రీనివాసపుర నుంచి గెలిచిన రమేశ్ కుమార్ రెండుసార్లు స్పీకర్ కుర్చీలో కూర్చున్నాడు. కన్నడంలో సరిగా చెప్పుకోలేని సభ్యుడు స్పీకర్ అనుమతితో తన తల్లి భాషలో మాట్లాడవచ్చని రాజ్యాంగం 210వ అధికరణంలో ఉంది. తెలుగువాళ్లమని వెనక నిలబడాల్సిన పని లేదు.

కె.జి.ఎఫ్. ఓటు ఎప్పుడూ తన దారిలోనే నడిచింది. 1952లోనే కార్మిక నాయకుడు, కమ్యూనిస్టు కె.ఎస్. వాసన్‌ను గెలిపించింది. తర్వాత రిపబ్లికన్ పార్టీ, అన్నా డి.ఎం.కె., 1985లో మార్క్సిస్టు పార్టీ. కర్ణాటకలో ఇంకోచోట గెలవడం కష్టమైన పార్టీలు ఇక్కడ గెలిచాయి. కారణం ఉంది. ఎక్కువ మంది తమిళ కార్మికులు, వాళ్ల పక్కన చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు, అందరికీ ఒకే షాఫ్టు, ఒకే సైరన్, ఒకే యూనియన్ ఆఫీసు. ఎవరికి ఓటేయాలో అక్కడే మాట్లాడుకునేవాళ్లు. గెలిచినాయన్ని అక్కడికే పిలిచి లెక్క అడిగేవాళ్లు. గని మూసినాక జనం చెదిరిపోయారు. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వచ్చే మనుషులకు కూర్చుని మాట్లాడే తీరిక ఎక్కడిది? 2008, 2013లో బీజేపీ, 2018, 2023లో కాంగ్రెస్ గెలిచాయి. ఏ పార్టీ గెలిచినా తప్పని నేననను. లెక్క అడిగే ఆ చోటు పోయిందే, అదీ నా బాధ.

ఇప్పుడు విధానసభ చేతిలో ఏముందో చూద్దాం. తాగునీళ్లు, చెరువులు, సర్కారు ఆసుపత్రి, సర్కారు బడి, రేషన్, పోలీసు స్టేషన్, భూమి రికార్డులు, సర్కారు బస్సులు, అన్నీ రాష్ట్రానివే. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఆ నీళ్లను రెండు దశల్లోనే శుద్ధి చేస్తున్నారు, మూడో దశ కూడా కావాలని జిల్లా రైతులు అడుగుతూనే ఉన్నారు. మన ఆరుగురు కలిసి సభలో పట్టుబట్టాల్సిన సంగతి ఇది. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేని శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే మన ఆడబిడ్డల సంచిలో ఆ డబ్బు మిగులుతోంది. సభలో ఎవరు కూర్చున్నారన్నది మన సంచిదాకా వస్తుందని దీంతోనే తెలుస్తుంది.

మిల్లు కుటుంబాలు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పి.ఎఫ్. ఢిల్లీది. కనీస కూలి ఎంతో నిర్ణయించేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రాష్ట్రం మనిషే. ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలు నడిపేదీ రాష్ట్రమే. అక్కడ మందుల్లేవంటే సభలో లేచి మంత్రిని అడిగే హక్కు ఎమ్మెల్యేకుంది. ప్రశ్న రాసిస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి, అది రికార్డులో ఉంటుంది. ఇవి కాక తన నియోజకవర్గంలో పనులకు ఏడాదికి రెండు కోట్ల నిధి ఉంటుంది. ఏ వీధికి ఎంత పెట్టాడని అడగడం మన హక్కు.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అనేవాళ్లకు రెండు లెక్కలు చెప్తాను. 2004లో చామరాజనగర వైపు సంతెమరహళ్లిలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఎమ్మెల్యే గెలిచాడు. 2023లో మన మాలూరులో తేడా 248 ఓట్లు. రెండు లైన్ల జనం ఓటుకు పోకుండా ఇంట్లో ఉంటే తారుమారయ్యే లెక్క.

నేను మిల్లులో చేరిన కొత్తలో ఓటు రోజు పొద్దున రెండు గంటలు బయటికి పంపేవాళ్లు, అంతే. ఊళ్లో ఓటున్నవాళ్లు దాన్ని వదులుకోవాల్సిందే. 1996 నుంచి చట్టం మారింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 135-బి కింద ఓటున్న ప్రతి కార్మికుడికీ, దినకూలీకి కూడా, ఆ రోజు జీతంతో సెలవు. పని ఆపితే ప్రమాదమో పెద్ద నష్టమో ఉన్నచోట మాత్రం మినహాయింపు. కూలి కోసిన యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. జరిమానా చిన్నదే, కానీ చట్టం మన వైపుంది. సూపర్‌వైజర్ లేదంటే ఈ నంబరు చెప్పండి.

పద్దెనిమిది నిండిన పిల్లల పేర్లు ఫారం 6 ఇచ్చి చేర్పించండి. ఇల్లు మారిన వాళ్లు ఫారం 8 ఇవ్వండి. పనికోసం బెంగళూరుకో ఇంకో చోటికో పోయినవాళ్ల పేర్లు పాత లైన్‌లోనే ఉండిపోయుంటాయి, చూసుకోండి.

ఇంకోమాట. 2028 దాకా ఆగొద్దు. లైన్‌కు నలుగురు కూర్చుని ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. ఒకవైపు ఢిల్లీ పనులు, ఇంకోవైపు విధానసౌధ పనులు. మొదటిది ఎంపీ చేతికి, రెండోది ఎమ్మెల్యే చేతికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఓటడగను మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం ముందు పెట్టి ఏది చేశావు, ఏది చేయలేదని అడుగుదాం. తలూపితే చాలదని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.